పండబెట్టే సీటు

పాణ్యంలో మా ఎదురింటి పెద్దాయన కారు మార్చాలన్నాడు.

ఉన్న కారు బాగానే నడుస్తోంది. ఐదు సీట్ల చిన్న కారు. పెద్దకొడుకు తోలతాడు. ఇంట్లో పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, మనవడు, మనవరాలు. ఆరుగురికి ఐదు సీట్లు. అందుకని ఏడు సీట్ల బండి అనగానే ఎందుకని ఎవరూ అడగలేదు.

అయినా ఏడాది ఆగారు. పెద్దాయన అన్న ముందటి మాఘంలో పోయాడు. పిల్లలు లేని మనిషి. తలకొరివి కూడా ఈ పెద్దకొడుకే పెట్టాడు. ఏటిసూతకం ఉండగా కొత్త బండి కొనరు. సంవత్సరీకం ముగిసిన వారానికి పెద్దాయన నన్ను కేకేశాడు.

"అయ్యవారూ, బండి చూసేదానికి పోతాండాం. నువ్వూ రా."

నేను బడిపంతులుగా రిటైరయ్యాను. ఆయన శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. గోరుకల్లు జలాశయం పనులు జరిగినన్నాళ్లు ఆ కట్ట మీదే తిరిగాడు. ఉద్యోగం పోయినా జేబులో ఐదు మీటర్ల స్టీలు టేపు పోలేదు. గడప కొలుస్తాడు. గాటిపాడు కొలుస్తాడు. పెళ్లికి పోతే పందిరి కొలుస్తాడు. కొలిచింది చిన్న డైరీలో రాసుకుంటాడు. ఇంట్లోవాళ్లు ఆ టేపును పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు.

ఏడు సీట్ల బండిలో చిక్కంతా మూడో వరుసతోనే. అక్కడ మనుషులు కూర్చుంటే సామానుకు చోటుండదు. సామాను పెడితే మనుషులకు ఉండదు. ఆ వరుసను అవసరం లేనప్పుడు ఏం చేయాలన్నదానికి కంపెనీలు రెండు దారులు పట్టాయి. కొన్ని బండ్లలో సీటును ఉన్నచోటనే మడిచేస్తారు. కొన్నిట్లో ఊడదీసి ఇంట్లో పెట్టి పోతారు.

పెద్దకొడుకు ఊడదీసే సీటు వైపు. అతనిది సేద్యం. బోరు మోటారు కాలితే నంద్యాలకు వేసుకుపోవాలి. డ్రిప్పు పైపులు, ఎరువు మూటలు తెచ్చుకోవాలి. సీటు మడిచినా అది బండిలోనే ఉంటుంది, ఆ మేరకు చోటు తింటుంది. ఊడదీస్తే నేల దాకా ఖాళీ. అతని లెక్క తప్పు కాదు.

కోడలు మడిచే సీటు వైపు.

"ఊడదీసినవి యాడ పెట్టాల మామా? వడ్ల మూటల పక్కన పెడితే ఎలకలు కొరుకుతాయి. వరండాలో పెడితే పిల్లోళ్లు ఎక్కి తొక్కుతారు."

పెద్దాయన భార్య అడిగింది ఒక్కటే. మూడో వరుసలోకి దూరాలంటే మోకాలు ఎంత ఎత్తాలని.

పెద్దాయన ఎటూ చెప్పలేదు. అందరూ మడిచే సీటు అంటుంటే ఆయన మాత్రం పండబెట్టే సీటు అనేవాడు. మనవరాలు దిద్దింది.

"మడిచేది జేజినాయనా."

"అదేలేమ్మా. పండబెట్టేది."

మొదట కర్నూలు పోయాం. పెద్దాయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక కూర్చుంటే వికారమని అంటాడు. ఏడాదిగా ఇదే వరస అని ఆయన భార్య బయల్దేరేటప్పుడు చెప్పింది. వెనక ఎడమ కిటికీ దగ్గర నేను, నా పక్కన మనవడు.

నన్నూరు టోల్‌గేటు దగ్గర స్పీడు బ్రేకర్ల మీద కారు కుదిపింది. పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"తల తగిలెనా?"

"లేదు."

"మెల్లగ తోల్రా" అన్నాడు కొడుకుతో.

కర్నూల్లో చూసింది రెనో ట్రైబర్. 2019లో వచ్చిన బండి. పొడవు 3990 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు పది మిల్లీమీటర్లు తక్కువ. ఆ పది మిల్లీమీటర్ల వెనక పన్ను లెక్క ఉంది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారుకు పన్ను తక్కువ. దీని ఇంజను 999 సీసీ. అంత పొట్టి బండిలో ఏడు సీట్లు ఇరికించాలి, మళ్లీ సామానుకు చోటూ చూపించాలి. అందుకే వెనక సీట్లు రెండూ ఊడి వచ్చేటట్టు చేశారు. ఏడు సీట్లూ ఉంటే డిక్కీ 84 లీటర్లు. రెండు చేతిసంచులు పడతాయి. వెనకవి రెండూ తీసేస్తే 625 లీటర్లు.

షోరూము కుర్రవాడు ఒక సీటు మడిచి, మీట లాగి, పైకెత్తి గచ్చు మీద పెట్టాడు. రెండోదీ అంతే. పెద్దకొడుకు వంగి ఖాళీ అయిన చోటును చేత్తో తట్టాడు. మొహం విప్పారింది.

"ఇందులో మోటారు పడతాది, స్టార్టరు పడతాది, ఇంకా చోటుంటాది."

పెద్దాయన టేపు తీశాడు. ఒక కొస నా చేతికిచ్చి వెనక తలుపు దగ్గర పట్టుకోమన్నాడు. నడిమి సీట్లో ఒక భాగాన్ని ముందుకు మడిపించి, రెండో కొసను డ్రైవరు పక్క సీటు వీపు దాకా తీసుకుపోయాడు. డైరీలో రాసుకున్నాడు. తర్వాత గచ్చు మీది సీటును రెండు చేతులా ఎత్తి చూసి, మళ్లీ దింపాడు.

"ఇది తీసినాక యాడ పెట్టాల?"

"ఇంట్లో పెట్టి పోతారు సార్."

"ఇంట్లో లేనప్పుడు అవసరమొస్తే?"

"ముందే తెలుస్తుంది కదా సార్. సామాను తేవాలనుకున్న రోజు పొద్దున్నే తీసేసి పోతారు."

"ముందే తెలియకపోతే?"

కుర్రవాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పెద్దాయన డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి డాలస్ నుంచి చిన్నకొడుకు వీడియో కాల్ చేశాడు. కొత్త బండికి సగం డబ్బు అతనిది. ఈ తగువు అమెరికాలో ఎప్పుడో తేలిపోయిందన్నాడు. 1983 చివర్లో క్రైస్లర్ కంపెనీ మినీవ్యాన్లు తెచ్చినప్పుడు వెనక బెంచీలు ఊడదీసే రకమే. బరువైనవి. మోయడానికి ఇద్దరు కావాలి, దించాక పెట్టడానికి గ్యారేజీ కావాలి. 1994లో హోండా వాళ్లు జపానులో ఒడిస్సీ తెచ్చి మూడో వరుసను వెనక్కి తిప్పి నేలలోకి దింపేశారు. 2005 మోడలుతో క్రైస్లరే నడిమి వరుసను కూడా నేల కిందికి మడిచిపెట్టింది. సీటు బండిలోనే ఉంటుంది, కంటికి కనపడదు.

"మా బండిలో నడిమి సీట్లు ఊడదీసేటివే నాయనా. ఒకసారి తీసినాం. మళ్లీ పెట్టలే. గ్యారేజీలో గోడకానించి ఉన్నాయి. మడిచేదే తీసుకో."

"ఒకవైపు మాత్రం పండబెట్టొచ్చునా? రెండోవైపు మనిషి కూర్చునేటట్టు?" అన్నాడు పెద్దాయన.

"వస్తాది. అరవై, నలభైగా చీలుస్తారు. ఒక ముక్క మడిచి ఇంకో ముక్క నిలబెట్టొచ్చు."

"నిలబెట్టిన ముక్కలో కూర్చుంటే పక్కనున్నది చేతికి అందుతాదా?"

"ఏమందాల నాయనా?"

"ఏదో ఒకటి. సామాను."

"అందుతాది."

పెద్దకొడుకు నవ్వాడు. సామాను పక్కన కాపలా కూర్చుంటావా అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు.

నంద్యాలకు అందరం పోయాం. అక్కడ చూసింది మారుతి ఎర్టిగా. 2012 నుంచి ఉన్న బండి, తర్వాత 2018లో ఆకారం మార్చారు. ట్రైబర్ కంటే నలభై సెంటీమీటర్లు పొడుగు. ధర కూడా లక్షల్లో ఎక్కువ. ఏడు సీట్లూ ఉంటే డిక్కీ 209 లీటర్లు. మూడో వరుస మడిస్తే 550. నడిమి వరుస కూడా మడిస్తే 803.

పెద్దాయన భార్య మూడో వరుసలోకి ఎక్కి కూర్చుని చూసింది. మోకాళ్లు కాస్త పైకి వచ్చాయి. ఫర్వాలేదంది. ఏడు సీట్ల బండి మంచిచెడ్డలు ఆ వరుసలో కూర్చుంటే గాని తెలియవు. చాలామంది స్టీరింగు ముందు కూర్చుని కొనేస్తారు, వెనక కూర్చోబోయే ముసలివాళ్లను, పిల్లలను షోరూముకు తీసుకురారు. ఈ ఇంటివాళ్లు తీసుకువచ్చారు. అది నాకు నచ్చింది.

ఆమె దిగాక పెద్దాయన మూడో వరుసను మడిపించాడు. నడిమి వరుసలో ఒక ముక్క మడిపించాడు. ముందు సీటును నాలుగు వేళ్లు ముందుకు జరిపించాడు. టేపు కొస నా చేతికిచ్చాడు. నేను అంకె చదివాను. ఆయన రాసుకున్నాడు. డైరీ నా కళ్ల ముందే తెరిచి ఉంది. కర్నూలు కొలత, దాని కింద నంద్యాల కొలత. రెండింటికీ పైన, ఎప్పుడో రాసిన ఇంకో కొలత. 5 అడుగుల 3 అంగుళాలు. ఏ మంచానిదో అనుకున్నాను.

ఆ తర్వాత పెద్దాయన చెప్పులు విడిచాడు. వెనక తలుపు వైపు నుంచి బండిలోకి పాకాడు. తల ముందుకు పెట్టి, కాళ్లు తలుపు వైపు చాపి, వెల్లకిలా పండుకున్నాడు.

షోరూములో ఇంకో రెండు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు తిరిగి చూశారు. కోడలు పక్కకు జరిగింది. పెద్దకొడుకు గొంతు తగ్గించి అన్నాడు.

"లెయ్ నాయనా. అందరూ చూస్తాండారు."

"తలుపెయ్యి."

"నాయనా."

"ఎయ్యి రా. పడతాదో లేదో చూద్దాం."

షోరూము కుర్రవాడే వచ్చి తలుపు నెమ్మదిగా దించాడు. అద్దంలోంచి చూశాను. పాదాలకూ తలుపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. మడిచిన సీటు దగ్గర నేల కొంచెం ఎత్తుగా ఉంది. పెద్దాయన నడుం కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు.

"ఇక్కడ దుప్పటి మడిచి పెడితే సరిపోతాది. నువ్వొచ్చి పక్కన కూర్చో" అన్నాడు లోపలి నుంచి.

పెద్దకొడుకు పక్క తలుపు తీసి మిగిలిన ముక్కలో కూర్చున్నాడు.

"చెయ్యి చాపు. నా భుజం అందుతాందా?"

"అందుతాంది."

"బండి కుదిపితే పట్టుకోగలవా?"

"పట్టుకుంటాలే. ఇంక లెయ్."

కుర్రవాడు సంతోషపడ్డాడు. తిరుపతి ఎంత దూరమైనా హాయిగా పడుకుని పోవచ్చు సార్ అన్నాడు. పెద్దాయన లేచి, చొక్కా దులుపుకుని, చెప్పులు వేసుకున్నాడు.

"ఇదే తీసుకుందాం."

పెద్దకొడుకు ఒకసారి అడ్డం చెప్పాడు. ధర తేడాతో రెండు ఎకరాలకు డ్రిప్పు వేయొచ్చన్నాడు. ఊడదీసే సీటయితే చోటు కూడా ఎక్కువ గదా అన్నాడు.

"దానికి పొద్దున్నే తెలియాల. దీనికి తెలియబన్లే" అన్నాడు పెద్దాయన. అంతకుమించి మాట్లాడలేదు. కొడుకు ఒప్పుకున్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ముసలితనంలో పండుకుని పోవాలని ముచ్చటపడుతున్నాడని సర్దుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఉగాదికి బండి వచ్చింది. మహానందిలో పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊళ్లోకి తెచ్చారు. ఎండాకాలంలో అహోబిలం పోయారు, యాగంటి పోయారు. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ ఆ బండిలోనే నంద్యాలకు పోయింది. చిన్నకొడుకు భార్యాపిల్లలతో వస్తే శంషాబాద్ విమానాశ్రయానికి ఇదే బండి పోయింది. నలుగురు మనుషులు, మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఎనిమిది పెట్టెలు పెట్టేసరికి మూడో వరుస మడవక తప్పలేదు. విమానాశ్రయంలో అప్పటికప్పుడు మడిచారు. మడిచినా రెండు పెట్టెలు పైకి ఎక్కించి తాడుతో కట్టారు. అంతా కలిసి తిరుమల పోయినప్పుడు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

ఈ ప్రయాణాలన్నిట్లో పెద్దాయన వెనక కూర్చున్నాడు. వికారం మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి కూడా పండుకోలేదు.

దసరా ముందు ఒక సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చున్నాం. మనవడు పొడుగయ్యాడని పెద్దాయన వాణ్ణి గోడకు ఆనించి టేపుతో కొలుస్తున్నాడు. పెద్దకొడుకు బండి కడిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"నాయనా, ఆ పొద్దు షోరూములో అంతమంది ముందర పండుకుంటివి. బండి వచ్చి ఆర్నెల్లాయె. తిరుపతికి పోయొస్తిమి, హైదరాబాదు పోయొస్తిమి. ఒక్కనాడన్నా పండుకున్నెవా?"

"ఇంకా కూర్చునే ఓపిక ఉండాది గదరా."

"మరి ఏంటికి అంత కొలిచింటివి?"

పెద్దాయన మనవణ్ణి లోపలికి పొమ్మన్నాడు. వాడు పోయేదాకా ఆగాడు.

"మీ పెదనాయన్ను కర్నూలు నుంచి తెచ్చిన రాత్రి నువ్వు బండి తోల్తాంటివి. నీకు కనపడలే. వేరే బండికి అన్ని దుడ్లు ఏంటికి, మన కారుండాది గదా అంటివి. సరే అంటి. ఆరడుగుల మనిషి. ఆ కార్లో పండబెట్టేదానికి చోటు చాల్లే. నా పంచెతో సీటుకు కట్టి కూర్చోబెడితిమి. గుంత వచ్చినప్పుడల్లా నా భుజమ్మీద ఒరిగేటోడు."

పెద్దకొడుకు తల ఎత్తలేదు.

"నన్నూరు గేటు కాడ స్కాను పడలే. మిషను పట్టుకుని పిల్లోడు వచ్చె. లోపలికి తొంగి చూసి, పెద్దాయనకు ఏమాయె అనె. నిద్రపోతాండాడని చెప్తి."

టేపు చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

"రేప్పొద్దున నా పక్కన కూర్చునేది నువ్వే గదరా. నీ నోట ఆ అబద్ధం ఏంటికని."